తాతారావు పికప్పుకి వేదిక హోదా

ఆ ఏడాది ప్రభుత్వం వారికి వేదికల మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందు ఏడాది మరుగుదొడ్ల మీద పుట్టింది, దానికి ముందు ఏడాది మొక్కల మీద. మొక్కల్ని మేకలు తిన్నాయి. మరుగుదొడ్లలో జనం పిడకలు పేర్చుకున్నారు. ఇక మిగిలింది ఉపన్యాసం. మాట్లాడాలనుకునే పెద్దలు ఎక్కువైపోయి, ఎక్కి మాట్లాడే చోట్లు తక్కువైపోయి, అందువల్లే దేశం వెనకబడుతోందని ఒక కమిటీ తేల్చింది. ఆ ముక్క చెప్పడానికి కమిటీకే సరైన చోటు దొరక్క, ఒక కల్యాణ మండపంలో ఎవరిదో నిశ్చితార్థం అయ్యేదాకా కూర్చుని, ఆ తరవాత చెప్పాల్సి వచ్చిందట. ఆ అవమానం భరించలేక వేదికల వికాస మండలి అని ఒకటి పెట్టారు. జిల్లాకొక ఆఫీసు తెరిచారు. జిల్లాకి ఇన్ని వేదికలు లేచి తీరాలని లక్ష్యం కూడా పెట్టారు.

కొమరిగట్టు తాతారావుకి ఇవేవీ తెలియవు. అతనిది సిమెంటు వరల పని. నూతుల్లోకీ, మరుగుదొడ్ల గుంటల్లోకీ దింపే గుండ్రటి వరలు కాలవ గట్టున పోతపోసి, ఆరబెట్టి, తన పాత పికప్పులో వేసుకుని చుట్టుపక్కల లంక గ్రామాలకు తోలుతాడు. ఆ పికప్పు కొనకముందు పదేళ్ళు బుల్లియ్య గారి లారీ మీద డ్రైవరు. బుల్లియ్య గారు మనిషి మంచివాడే గానీ డ్రైవర్ని పేరుతో పిలిస్తే నోరు అరిగిపోతుందనుకునే రకం. పదేళ్ళూ "ఒరే" అనే పేరుతోనే బతికాడు తాతారావు. సొంత బండి వచ్చిన రోజున మొదటిసారి ఎవరో "ఏవండీ, బండి ఖాళీయేనా?" అని అడిగితే, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

అలాంటి బండికి ముసలితనం వచ్చింది. ఇంజను బాగానే ఉంది, తొట్టి పోయింది. వెనక తొట్టి నిండా తుప్పు. సిమెంటు బస్తా వేసుకుని బయల్దేరితే ఊరు చేరేసరికి రోడ్డంతా ముగ్గు పడేది. పాత బండ్లకు ఆ నెలాఖరులోగా ఫిట్‌నెస్ రాకపోతే తుక్కుకి పంపించెయ్యాలని రవాణా ఆఫీసు వారు నోటీసిచ్చారు.

"ఇచ్చెయ్‌రా ఒరే, తుక్కుకిచ్చెయ్," అన్నాడు బుల్లియ్య గారు టీ కొట్టు దగ్గర. "మన నాలుగో లారీకి డ్రైవరు లేడు. ఒకటో తారీకు నించి వచ్చెయ్."

ఆ మాట విని తాతారావు టీ సగంలో వదిలేసి తిన్నగా వెల్డింగు అప్పలకొండ షెడ్డుకి పోయాడు.

అప్పలకొండది విజయనగరం వైపు. చేతిలో పనితనం ఎంతుందో నోట్లో గొప్పలు అంతకు మూడింతలు. కొమరిగట్టులో వంగిన ప్రతి గేటూ ఇంకొకడు చేసిందనీ, నిటారుగా ఉన్నవన్నీ తాను చేసినవనీ అతని నమ్మకం.

"తొట్టెందుకు బావూ నీకు?" అన్నాడు, తుప్పులోకి చెయ్యి దూర్చి అవతల నించి వేళ్ళు ఆడిస్తూ. "వరలోడివి నువ్వు. తొట్టుంటే ఎనకాల నించే ఎక్కించాలి, ఎనకాల నించే దింపాలి. నాలుగు పక్కలా గోడల్లేకుండా ఇనప బల్ల కట్టీసినాననుకో, ఏ పక్క నించైనా దొర్లించీయొచ్చు."

"గోడల్లేకపోతే వరలు రోడ్డు మీదకి దొర్లిపోవేటి?" అంది తాతారావు పెళ్ళాం మంగతాయారు.

"కొక్కేలు పెడతాను తల్లీ. తాడేసి లాగి కడితే కొండైనా కదల్దు."

గ్యాస్ కట్టరుతో తొట్టి కోసేశారు. అది కింద పడ్డప్పుడు చప్పుడు కూడా రాలేదు, దుమ్ము లేచింది. ఛాసిస్ మీద రబ్బరు ముక్కలు పరిచి, వాటి మీద పొడుగ్గా రెండు ఇనప ఛానళ్ళు వేసి, అడ్డంగా యాంగిళ్ళు పెట్టి, యూ బోల్టులతో బిగించాడు అప్పలకొండ. పైన గళ్ళ ఇనప రేకు. ఒకే చోట కూర్చుని వెల్డింగు చేసుకుపోతే వేడికి రేకు అప్పడంలా లేస్తుందని, ఈ మూల ఒక టాకా, ఆ మూల ఒక టాకా వేసుకుంటూ షెడ్డంతా ప్రదక్షిణాలు చేశాడు. అంచుల నిండా కొక్కేలు. తుప్పు పట్టకుండా ఎర్ర మందు పూసి, దాని మీద నీలం రంగు. అంతా అయ్యాక నాలుగు మూలలా నాలుగు గ్లాసుల నిండా టీ పెట్టి, షెడ్డులో ఉన్నవాళ్ళందరినీ బల్ల ఎక్కి గెంతమన్నాడు. టీ తొణకలేదు.

"కలెక్టరాఫీసు గచ్చు కూడా ఇంత సాపుగా ఉండదు," అన్నాడు అప్పలకొండ, ఆ నాలుగు టీలూ తనే తాగుతూ.

ఆ సాపుతనమే కొంప ముంచింది.

రవాణా ఆఫీసులో బ్రేకు ఇన్‌స్పెక్టరు మార్కండేయులు గారు నిబంధన తప్ప మరేదీ నమ్మని మనిషి. ఎదురుగా లారీ మీదకొస్తున్నా దాని కాయితాలు సరిగ్గా ఉన్నాయో లేదో తేలేవరకూ పక్కకి తప్పుకోడని పేరు. ఆయన తాతారావు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతిలో కాయితం వంక చూసి, మళ్ళీ బండి వంక చూశాడు.

"గోడలేవయ్యా?"

"లేవండి. బల్ల బండండి ఆయ్."

"గోడ ఎత్తు అని నాకిక్కడ గడి ఉంది. ఎంత వెయ్యమంటావు?"

"సున్నా ఏసుకోండి."

"సున్నా ఎత్తు గోడ ఏదీ? చూపించు, కొలుస్తాను."

తాతారావు బల్ల అంచు వైపు చూపించాడు. మార్కండేయులు గారు టేపు లాగి అక్కడ పెట్టి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు వెతికాడు. దొరకలేదు. అప్పుడు ఆయనకి ఏదో గుర్తొచ్చింది. సొరుగు తీసి కొత్తగా వచ్చిన సర్క్యులరు బయటికి తీశాడు. గొంతు సవరించుకుని చదివాడు.

"'నాలుగు వైపులా గోడలు లేనిదై, నేల నుండి రెండడుగులకు మించిన ఎత్తు గలదై, సమతలమై, పదిమందికి తక్కువ గాకుండా మోయగలదై యుండు ఏ కట్టడమైనను, అది ఏ పదార్థముతో నిర్మింపబడినను, వేదికగా పరిగణింపబడవలెను.' తెలిసిందా? ఇది బండి కాదు."

"మరేటండి?"

"వేదిక."

"చక్రాలున్నాయి కదండీ బాబూ!"

"వేదికకి చక్రాలుండకూడదని ఇందులో ఎక్కడుంది?"

తాతారావుకి ఎక్కడుందో కనపడలేదు. అతను చదివింది మూడో తరగతి. అయినా పదిహేనో తరగతి చదివినవాడికి కూడా అందులో అది కనపడదు, లేదు కనక.

మార్కండేయులు గారు అన్యాయం చేసే మనిషి కాదు. బల్ల కింద భాగం తన పరిధిలోదే కాబట్టి దాన్ని క్షుణ్ణంగా పరీక్షించాడు. బ్రేకులు తొక్కించాడు, లైట్లు వేయించాడు, హారను కొట్టించాడు. చివరికి 'కింది సగము రోడ్డుపై తిరుగుటకు యోగ్యము' అని రాసి సంతకం పెట్టాడు.

"పైసగానికి వేదికల మండలి వారి దగ్గర కాయితం తెచ్చుకో. రెండు సగాలూ కలిస్తేనే ఫిట్‌నెస్. నెలాఖరు సాయంత్రం అయిదు దాటితే రెండు సగాలూ తుక్కే."

"అంతవరకూ కింది సగం తిప్పుకోవచ్చాండీ?"

"నిరభ్యంతరంగా. పైసగం వెంట రాకుండా చూసుకో."

మండలి ఆఫీసులో కార్యదర్శి పద్మపాణి గారు ఈ కబురు వింటూనే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన మాట్లాడాలంటే లేచి నిలబడాలి. కూర్చుంటే ఆయనకి మాట రాదు. ఇంట్లో ఉప్పు కావాలన్నా లేచి, "సోదరీమణీ" అంటాడని చెప్పుకుంటారు.

"ముందుగా, ఈ కార్యాలయానికి విచ్చేసిన వేదికా నిర్మాత శ్రీ తాతారావు గారికి నా హృదయపూర్వక స్వాగతం," అన్నాడు. గదిలో ఉన్నది ఆయనా తాతారావూ మంగతాయారూ. "జిల్లా లక్ష్యానికి ఒక్క వేదిక తక్కువై నేను నిద్రాహారాలు మానిన ఈ తరుణంలో, కదిలే వేదికతో తాము రావడం కళామతల్లి ఆదేశంగా భావిస్తున్నాను."

"నేను కళ కోసం కట్టలేదండి," అన్నాడు తాతారావు. "మరుగుదొడ్ల వరలు ఏసుకుందారని కట్టానండి."

పద్మపాణి గారి ముఖం ముడుచుకుపోయింది. వేదిక మీద వరలా! నిబంధనావళి ప్రకారం వేదిక మీద రెండే రకాలవి ఉండొచ్చు. ఒకటి అలంకరణ, రెండోది అతిథులు. అలంకరణ వేదికలో పావు వంతు మించరాదు. అతిథులకు మాత్రం హద్దు లేదు.

"పావు బల్ల మీద ఒక్క వర కూడా పట్టదండి."

"అయితే అలంకరణగా కుదరదు," అన్నాడు కార్యదర్శి విచారంగా.

"మరి అతిథులుగానో?" అంది మంగతాయారు, వేళాకోళానికి.

పద్మపాణి గారు వేళాకోళం ఎరగడు. నిబంధనావళి మళ్ళీ తిరగేశాడు. అతిథి అంటే మనిషే అయి ఉండాలని ఎక్కడా లేదు. ఆహ్వానం అంది ఉండాలి, శాలువా కప్పి ఉండాలి. అంతే.

"నిరభ్యంతరం," అన్నాడు. "ఆహ్వానింపబడి, జ్యోతి ప్రజ్వలనతో ఆరంభమై, అధ్యక్షుల వారి తొలిపలుకులతో సాగి, వందన సమర్పణతో ముగిసే సభలో అతిథులుగా ఎవరైనా, ఏమైనా ఆసీనులు కావచ్చు. ఈ విధంగా తాము సభలు జరుపుతూ ఉండండి. నెలాఖరున నేనే స్వయంగా వచ్చి ఒక సభ తిలకించి, అది పూర్తికాగానే పత్రం మీద సంతకం చేస్తాను."

బయటికొచ్చాక తాతారావు మెట్ల మీద కూలబడ్డాడు. "బుల్లియ్య గారి లారీ ఎక్కడం తప్పదే."

"లేచి నడు మావా," అంది మంగతాయారు. "ఆహ్వానించమన్నారు. ఆహ్వానిద్దాం. మనకేం పోయింది? సిగ్గా? అది మన దగ్గరుంటే మరుగుదొడ్ల వరలు అమ్ముకుంటామా?"

మర్నాడు కాలవ గట్టున మొదటి సభ. బుల్లియ్య గారు కొత్తగా కట్టుకుంటున్న మేడకి నాలుగు వరలు కావాలి. మంగతాయారు పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, అద్దె మైకు పట్టుకుని బల్ల పక్కన నిలబడింది.

"ఇప్పుడు, దూరాభారమనుకోకుండా మన ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసిన ఒకటో వర గారిని వేదిక మీదకి సాదరంగా ఆహ్వానిస్తన్నావండి!"

కూలీలు ఇద్దరూ చెక్క బల్ల వాలుగా వేసి, "హైలెస్సా" అంటూ ఒకటో వర గారిని పైకి దొర్లించారు. తాతారావు శాలువా కప్పాడు. శాలువా ఒక్కటే ఉంది, అంచేత రెండో వర గారు ఎక్కగానే మొదటివారి దగ్గర తీసి ఆయనకి కప్పాడు. ఈ సంప్రదాయం పెద్ద సభల్లో కూడా ఉన్నదే. అన్నిటికన్నా లావుపాటి వరని అధ్యక్ష స్థానంలో పెట్టారు. అధ్యక్షుల వారు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, అందరూ మౌనంగా ఉండటం వల్ల సభ చకచకా సాగిపోయింది. అలాంటి సభ ఆ జిల్లాలో అంతకు ముందు జరగలేదు.

మేడ దగ్గర బుల్లియ్య గారు గడియారం చూసుకుంటూ కారాలు మిరియాలు నూరుతున్నాడు.

"ఏరా ఒరే! వరలేసుకు రమ్మంటే ఊరేగింపేట్రా ఇది? దించండెహె!"

"వందన సమర్పణ అవకుండా దించకూడదండి," అంది మంగతాయారు. "అది తమరే చెయ్యాలి. మైకు పుచ్చుకోండి."

బుల్లియ్య గారు మైకు పుచ్చుకున్నాడు, విసిరికొడదామనే. కానీ పుచ్చుకున్నాక చెయ్యి దాన్ని వదల్లేదు. డబ్బున్న మనిషి, నాలుగు లారీలున్న మనిషి, అరవై ఏళ్ళొచ్చినా ఒక్క మనిషి కూడా ఆయన్ని పిలిచి మాట్లాడమనలేదు. చుట్టూ మేస్త్రీలూ, కూలీలూ నిలబడి చూస్తున్నారు. శాలువా భుజం మీద పడింది.

"ఈ... ఈ నాలుగు వరలూ... మా ఇంటికి వచ్చినందుకు... నాకు చాలా ఆనందంగా ఉంది," అన్నాడు. చప్పట్లు. కళ్ళు తుడుచుకున్నాడు. "వీట్ని తయారు చేసిన తాతారావు... తాతారావు గారికి..."

ఆ 'గారు' మైకులోంచి వచ్చి కాలవ అవతల ఒడ్డుని తాకి తిరిగొచ్చింది. తాతారావు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

ఆ తరవాత ఆగలేదు. వరలు అవసరమున్నవాళ్ళూ లేనివాళ్ళూ తాతారావు గుమ్మం ముందు నిలబడ్డారు. "మా ఇంట్లో నుయ్యి లేదండి, అయినా రెండు వరలు పంపించండి, సభ మాత్రం పెద్దదిగా చెయ్యండి," అనేవాళ్ళు. ఒకాయన ఉన్న మంచి నుయ్యిని పూడ్పించి మళ్ళీ తవ్వించాడు. ఒక ఊళ్ళో అయితే తమ వరకి తక్కువ స్థాయి కుర్చీ వేశారని రెండు వర్గాలు కొట్టుకున్నాయి. అప్పలకొండ ప్రతి సభలోనూ 'వేదికా శిల్పి'గా ఎక్కి, తన మీద తానే ఉపన్యాసం ఇచ్చుకునేవాడు. వరలు కదలకుండా కట్టే తాళ్ళతో అతన్ని కూడా కలిపి కడితే తప్ప దారిలో పడిపోయేవాడు, అంత ఊగిపోయేవాడు మాట్లాడుతూ.

ఇంత జరుగుతున్నా తాతారావుకి నిద్ర లేదు. పైసగం కాయితం ఇంకా రాలేదు.

నెలాఖరు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి పద్మపాణి గారు సభ తిలకించడానికి బండి నిలిపిన సంతకి వచ్చాడు. ఉమ్మడి తనిఖీ కాబట్టి మార్కండేయులు గారూ వచ్చాడు. బల్ల మీద వరలు నాలుగూ శాలువా వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. ఇద్దరు అధికారులూ కింద నిలబడి తిలకించి, సంతకం పెట్టి, వెళ్ళిపోతే సరిపోయేది.

కానీ ఎదురుగా వేదిక ఉంది, మైకు ఉంది. మంగతాయారు మర్యాదకి, "పెద్దలు కార్యదర్శి గారు కూడా వేదికనలంకరించవలసిందిగా..." అంది. మాట పూర్తయ్యేలోగా పద్మపాణి గారు పైన ఉన్నాడు. కార్యదర్శి ఎక్కాక తాను కింద ఉంటే హోదా తక్కువవుతుందని మార్కండేయులు గారు ఎక్కాడు. ఆయన్ని చూసి, కార్యదర్శి వెంట వచ్చిన మండలి సభ్యులు ముగ్గురూ ఎక్కారు. సంతకొచ్చిన బుల్లియ్య గారు శాలువా తన సొంతది తెచ్చుకుని ఎక్కాడు. అప్పలకొండ ఎలాగూ ఉన్నాడు. ఎవరికీ తెలియనివాళ్ళు ఇద్దరు కూడా ఎక్కి ముందు వరసలో నిలబడ్డారు. అలాంటివాళ్ళు ఇద్దరు లేకుండా మన దగ్గర ఏ సభా జరగదు.

పద్మపాణి గారు మొదలుపెట్టాడు. ముందుగా అన్నాడు. మరొక్కసారి ముందుగా అన్నాడు. మూడున్నరకి వేదిక పుట్టుపూర్వోత్తరాల్లో ఉన్నాడు. నాలుగింటికి "ఈ సందర్భంగా" దగ్గరికి వచ్చాడు. నాలుగుంబావుకి "ముగించే ముందు" అన్నాడు. తాతారావు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఆయన ముగించే ముందు చెప్పాల్సింది చాలా ఉందని తరవాత తేలింది.

తాతారావు బల్ల కిందికి వచ్చి చేతులు జోడించాడు. "బాబయ్యా, అయిదుకి రవాణా ఆఫీసు కట్టేస్తారండి. ఆ సంతకం..."

"వందన సమర్పణ అనంతరం," అన్నాడు పద్మపాణి గారు మైకులోనే, అదీ ఉపన్యాసంలో భాగమైనట్టు.

తాతారావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయిపోయింది తాయారూ. బండి తుక్కే."

మంగతాయారు పైకి చూసింది, వరలనీ, పెద్దమనుషులనీ. "ఆయన దిగడు మావా. ఎవరూ దిగరు. అందర్నీ ఏసుకునే పోదాం. నువ్వు బండెక్కు, నేను తాళ్ళు చూసుకుంటాను."

వరల చుట్టూ తాడు వేసినట్టే పెద్దమనుషుల చుట్టూ కూడా వేసి, కొక్కేలకి లాగి బిగించింది. అదేదో అలంకరణనుకుని ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక సభ్యుడు, పడకుండా బాగుందమ్మా అన్నాడు కూడా. బండి మెల్లిగా కదిలింది. అప్పలకొండ కట్టిన బల్ల కదా, పైవాళ్ళకి కుదుపు తెలియలేదు. పద్మపాణి గారు ఎదురుగా జనం మారిపోతున్నారని గమనించి, సభకి ఇంత ఆదరణ వస్తోందని పొంగిపోయి గొంతు పెంచాడు. బజారు వీధిలో ఊరేగింపనుకుని పూలకొట్టామె బంతిపూలు చల్లింది. బ్యాండు మేళం వాళ్ళు ఏ పెళ్ళికో వెళ్ళబోతూ ఇటు తిరిగి వెనకాల పడ్డారు. రైలు గేటు దగ్గర ఆగితే, గేటు తీసేలోపు అవతల బస్సులోవాళ్ళందరూ ఉపన్యాసం విని చప్పట్లు కొట్టారు.

మార్కండేయులు గారికి మాత్రం చెట్లు వెనక్కి పోతున్నట్టు అనుమానం వచ్చింది. అలవాటు చొప్పున ఆయన నోరు తెరిచి, "సరుకు బండి మీద మనుషుల ప్రయాణం నిషిద్ధము! ఎవరక్కడ?" అని అరిచాడు. అరిచాక ఎవరో తెలిసింది.

బండి సరిగ్గా అయిదు కొట్టబోతుండగా రవాణా ఆఫీసు ఆవరణలోకి, బ్యాండు మేళంతో సహా ప్రవేశించి, బండ్లు తూచే కాటా మీద ఆగింది. ఆవేళ ఖర్మ కాలి జిల్లా రవాణాధికారిణి అనసూయాదేవి గారు తనిఖీకి వచ్చి, అరుగు మీద కుర్చీ వేసుకుని ఉంది. ఆవిడ కాయితాలు చూసింది, కింది సగం యోగ్యమన్న సంతకం చూసింది, పైసగం మీద తాళ్ళతో కట్టబడి ఉన్న సంతకందారుని చూసింది.

"మార్కండేయులు గారూ. మీరు సరుకు బండి మీద ప్రయాణం చేశారా?"

"లేదు మేడమ్. ఇది వేదిక."

"నా ఎదురుగా ఇది వీధి మలుపు తిరిగి వచ్చిందండీ. వేదికకి రోడ్డు మీద పరుగెత్తే అనుమతి ఎవరిచ్చారు?"

ఇచ్చింది ఎవరో కింది సగం కాయితం మీద రాసే ఉంది.

"పోనీ వేదిక కాదు, బండే అనుకుందాం. అప్పుడు మీరందరూ సరుకు బండెక్కిన ప్రయాణికులు. అందులో మీరు బ్రేకు ఇన్‌స్పెక్టరు. ఇది నేను పైకి రాయాలి."

మార్కండేయులు గారు ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఎంతోమందిని నిబంధనల్లో ఇరికించాడు గానీ, లోపలి నించి చూడటం ఇదే మొదలు. ఆయన బుర్రలో అన్ని సెక్షన్లూ గబగబా తిరిగాయి. వేదిక అంటే ఒక తప్పు, ప్రయాణికులు అంటే ఇంకో తప్పు. సరుకు బండి మీద తప్పులేనిది ప్రపంచంలో ఒక్కటే.

"మేము సరుకు మేడమ్," అన్నాడు.

వాయిస్తున్న బ్యాండు ఆగింది.

"అవును మేడమ్. మేము ప్రయాణం చెయ్యలేదు. మమ్మల్ని రవాణా చేశారు. చూడండి, తాళ్ళతో కట్టి ఉన్నాం. ఎక్కడైనా ప్రయాణికుల్ని కడతారా?"

"నేను సరుకును కాను!" అన్నాడు పద్మపాణి గారు మైకులో. "నేను ఉపన్యాసకుణ్ణి!"

"అయితే మీరొక్కరూ ప్రయాణికులు. మీ మీద విడిగా రాస్తాను."

పద్మపాణి గారు జీవితంలో మొదటిసారి క్లుప్తంగా మాట్లాడాడు. "సరుకునే."

అనసూయాదేవి గారు పెన్ను తీసింది. "సరుకు వివరం?"

"వరలు నాలుగు, అధికారులు ఇద్దరు, సభ్యులు ముగ్గురు, ఇతరములు నలుగురు," అని చదివాడు మార్కండేయులు గారు పై నించే. ఇతరములు అన్నప్పుడు బుల్లియ్య గారు చిన్నబుచ్చుకున్నాడు.

"పాడైపోయే సరుకా?"

"కాదు మేడమ్. ఎన్నాళ్ళైనా అలాగే ఉంటాం."

"విరిగేదా?"

"వంగుతాం గానీ విరగం."

"విలువైన సరుకు అని కూడా రాయండి," అన్నాడు పద్మపాణి గారు.

"విలువ రాస్తే బీమా చూపించాలి."

"అయితే వద్దు."

ఇంత బరువూ, ఇంత రకరకాల సరుకూ చిన్న కుదుపైనా లేకుండా మోసుకొచ్చింది కాబట్టి అది సరుకు బండేనని ఆవిడ తేల్చేసింది. వేదిక కానిదానికి పైసగం, కింది సగం అనేవి ఉండవు. మార్కండేయులు గారు తన చుట్టూ బిగించిన తాళ్ళలోంచే చెయ్యి సాచి ఫిట్‌నెస్ మీద సంతకం పెట్టాడు. ముద్ర పడింది. తాతారావు ఆ కాయితాన్ని చొక్కా లోపల, ఒంటికి తగిలేట్టు పెట్టుకున్నాడు. మంగతాయారు అరుగు మెట్టు మీద కూర్చుని చీర చెంగుతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నారు. నవ్వు ఆపుకోలేక.

"అమ్మా, ఇక మమ్మల్ని విప్పండి," అన్నాడు ఒక సభ్యుడు.

"అదెలాగండి?" అంది అనసూయాదేవి గారు. "సరుకు తనంతట తాను దిగదు. చేరవలసిన చోట అప్పగించి, పుచ్చుకున్నవాళ్ళ సంతకం తేవాలి. తాతారావు గారూ, తీసుకెళ్ళి ఇచ్చి రండి."

మండలి ఆఫీసుకి చేరేసరికి అందరూ వెళ్ళిపోయారు. అటెండరు నూకాలమ్మ ఒక్కతే గది తుడుస్తోంది. తాతారావు హారను కొట్టి, రసీదు పుస్తకం చేతికిచ్చాడు. ఆమె చీపురు చంకలో పెట్టుకుని బండి చుట్టూ తిరిగి, బంతిపూలతో, తాళ్ళతో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే పరకాయించి చూసింది.

"వరలు మావి కావు," అంది.

"అయ్యి బేరానివి లెండి. మిగతాది చూసుకోండి."

"ఈళ్ళలో మావోళ్ళు నలుగురే. మిగతాది ఎవరిదో నాకు తెల్దు."

"ఒకేసారి దింపేసుకోండమ్మా, రేపొచ్చి ఎవరిది వాళ్ళు పట్టుకుపోతారు."

వర దింపేటప్పుడు కింద పగలకుండా పాత టైరు వేస్తారు. తాతారావు ఆ టైరే వేశాడు. తాళ్ళు విప్పి, ఒక్కొక్కరిని పక్క నించే, ఏ గోడా అడ్డం లేకుండా, టైరు మీదకి దింపాడు. పద్మపాణి గారు దిగుతూ "ఈ సందర్భంగా" అనబోయి, నేల మీద ఉన్నానని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

నూకాలమ్మ పెన్ను తడుముకుంటూ అడిగింది, "సరుకు ఎలా ఉందని రాయాలి?"

"ఎలా ఉంటే అలాగే రాయండి."

ఆమె ఇంకోసారి వాళ్ళ వంక చూసి, తీరిగ్గా రాసింది: 'అందినది. ఏ మార్పూ లేదు.'

తాతారావు రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీద వరలు నాలుగూ పొద్దున్నించీ కదలకుండా కూర్చున్నాయి. సావరం ఊళ్ళో ఎవరో గుంట తవ్వుకుని వాటి కోసం చూస్తున్నారు. మంగతాయారు పక్క సీట్లో ఎక్కి తలుపు దడేలున వేసింది. నాలుగో లారీకి డ్రైవరు దొరకని బుల్లియ్య గారు రోడ్డు పక్కన నిలబడి, శాలువా దులుపుకుంటూ, "తాతారావు గారండీ, కాస్త మా ఇంటి దాకా దింపుతారా?" అని చెయ్యెత్తాడు.

"సరుకుంటే ఏస్తానండి," అన్నాడు తాతారావు. "మనుషుల్ని ఎక్కించుకోకూడదు."

బండి గేరు పడింది.